మెరక చేస్తే చాలదు, మన్ను కుదురుకోవాలి

పల్లపు పొలాన్ని మెరక చేసి ఇళ్ళ స్థలాలుగా పంచడం డెల్టా మండలాల్లో కొత్త సంగతి కాదు. భీమవరం, ఉండి, ఆకివీడు, కాళ్ళ, మొగల్తూరు ప్రాంతాల్లో ఎత్తయిన జాగా దొరకడం కష్టం. దొరికినా దాని ధర సామాన్యుడికి అందదు. అందుచేత ప్రభుత్వానికైనా, ప్రైవేటు వారికైనా కంటికి కనిపించేది వరిచేలూ, పాత చేపల చెరువులే. వాటిలోకి లారీలతో, ట్రాక్టర్లతో మట్టి తోలి, రోడ్డు ఎత్తుకు తెచ్చి, హద్దురాళ్ళు పాతి పట్టాలు ఇస్తారు. పట్టా చేతికి వచ్చిన కుటుంబం అప్పో సప్పో చేసి పునాది తీస్తుంది. గృహప్రవేశమైన రెండో ఏటనో, మూడో ఏటనో కిటికీ మూల నుంచి గోడకు ఏటవాలుగా బీట కనిపిస్తుంది. తలుపు గడియ పడదు. గచ్చు ఒక పక్కకు వాలుతుంది.

అప్పుడు నింద మేస్త్రి మీద పడుతుంది. సిమెంటు తక్కువ వేశాడని, ఇసుక మంచిది కాదని, ఇనుము మిగుల్చుకున్నాడని తగవు నడుస్తుంది. ఆ అనుమానాల్లో కొన్ని నిజం కూడా కావచ్చు. కాని చాలా చోట్ల అసలు దోషం గోడలో వుండదు. గోడ కింద, మెరక కింద, ఎవరికీ కనపడని మెత్తని బంకమన్నులో వుంటుంది. దాని స్వభావం తెలుసుకోకుండా ఎంత సిమెంటు పోసినా ప్రయోజనం లేదు.

ఈ విషయం ఇప్పుడు పట్టించుకోవలసిన అవసరం మరీ ఎక్కువగా వుంది. 2020 డిసెంబరులో రాష్ట్రంలో 30 లక్షలకు పైగా పేద కుటుంబాలకు ఇళ్ళ స్థలాల పంపిణీ మొదలయింది. పల్లెల్లో సెంటున్నర, పట్టణాల్లో సెంటు చొప్పున ఇచ్చారు. ఇల్లు కట్టుకోవడానికి 1 లక్షా 80 వేల రూపాయలు సాయంగా నిర్ణయించారు. డెల్టాలో ఆ స్థలాలు కొన్ని పల్లపు భూములను మెరక చేసినవే. ఏ ప్రభుత్వం వచ్చినా, ఏ పథకం పెట్టినా ఇక్కడ ఎక్కువగా దొరికే భూమి అదే. పేదవాడు జీవితంలో ఒక్కసారి కట్టుకునే ఇల్లు అది. బీటలు వారితే మళ్ళీ కట్టుకునే స్తోమత అతనికి వుండదు.

బంకమన్ను ఎందుకు కుంగుతుంది?

డెల్టా నేల అంతా నది తెచ్చి పోసిన ఒండ్రు. సుమారు 6 వేల ఏళ్ళలో గోదావరి, కృష్ణ సముద్రాన్ని వెనక్కు నెడుతూ ఈ భూమిని పేర్చాయి. నది ఒడ్డున బరువైన ఇసుక, గరుపమన్ను ముందుగా దిగి గట్లుగా ఏర్పడ్డాయి. దూరంగా, నిలవ నీటిలో మెత్తని బంకమన్ను నెమ్మదిగా పేరుకున్నది. పూర్వీకులు ఈ తేడా ఎరిగే వూళ్ళను ఏటి గట్ల మీద, పాత ఇసుక మేటల మీద కట్టి, పల్లాన్ని పంటకు వదిలారు. ఇప్పుడు వూరు పల్లంలోకి దిగుతోంది.

మెత్తని బంకమన్నులో ఘనపరిమాణంలో సగానికి పైగా నీరే వుంటుంది. కంటికి ఆనని సన్నని రేణువులు, వాటి సందుల్లో నీరు. పైన బరువు పెట్టగానే ఆ బరువును మొదట మోసేది రేణువులు కాదు, నీరు. నీటిని నొక్కితే నలగదు, తప్పించుకుపోవాలని చూస్తుంది. ఇసుకలో అయితే దారులు పెద్దవి కాబట్టి వెంటనే పోతుంది, కుంగవలసినది అప్పటికప్పుడే కుంగి ఆగిపోతుంది. బంకమన్నులో దారులు ఎంతో సన్నం. నీరు చుక్క చుక్కగా పోవాలి. నీరు పోయిన కొద్దీ బరువు రేణువుల మీదికి మారుతుంది. అవి దగ్గరకు జరుగుతాయి. నేల దిగుతుంది. పెరుగును గుడ్డలో మూట కట్టి దాని మీద రాయి పెట్టినప్పుడు జరిగేది ఇదే. రాయి పెట్టిన క్షణంలోనే మూట చిక్కిపోదు. తెల్లవారేసరికి నీరంతా వోడి గట్టి ముద్ద అవుతుంది. మూటకు ఒక రాత్రి చాలు. భూమికి ఏళ్ళు కావాలి.

ఈ కుంగుబాటుకు లెక్క కట్టే సూత్రాన్ని కార్ల్ టెర్జాగీ అనే ఇంజనీరు ఇస్తాంబుల్‌లో అధ్యాపకుడిగా వున్న కాలంలో కనుగొన్నాడు. 1925లో ఆయన ప్రకటించిన గ్రంథంతో నేల గురించిన ఇంజనీరింగు ఒక శాస్త్రంగా నిలబడింది. ఆయన చెప్పిన వాటిలో ఇళ్ళు కట్టేవారు మరచిపోకూడనిది ఒకటుంది. బంకమన్ను పొర మందం రెండింతలయితే అది కుదురుకునేందుకు పట్టే కాలం రెండింతలు కాదు, నాలుగింతలు. ఉదాహరణకు ఒక రకం మెత్తని బంకమన్ను 10 అడుగుల మందాన వుండి, పైనా కిందా ఇసుక వుంటే, కుంగవలసిన దానిలో 90 పాళ్ళు కుంగడానికి సుమారు 2 ఏళ్ళు పడుతుంది. అదే మన్ను 20 అడుగులుంటే సుమారు 8 ఏళ్ళు. కింద ఇసుక లేక, నీరు పైకి మాత్రమే పోవలసి వస్తే ఇంచుమించు 30 ఏళ్ళు. ఒకే మేస్త్రి ఒకే మాదిరి కట్టిన రెండు ఇళ్ళలో ఒకటి నిలిచి ఒకటి బీటలు వారడానికి కారణం ఇలాంటి చోట కూడా దొరుకుతుంది.

ఇంటి కంటే మెరకే బరువు

పునాది కింద నేలకు ఇల్లే పెద్ద బరువు అని అందరూ అనుకుంటారు. లెక్క చూస్తే వేరుగా వుంది. మెరక మట్టి ఘనపు మీటరు సుమారు 1.8 టన్నులు తూగుతుంది. అయిదడుగుల మెరక వేస్తే ప్రతి చదరపు మీటరు మీద దాదాపు 2.7 టన్నుల బరువు పడుతుంది. ఒక అంతస్తు ఇంటి బరువు, దాని విస్తీర్ణమంతటి మీద పరచి చూస్తే, చదరపు మీటరుకు టన్ను నుంచి టన్నున్నర మాత్రమే. అంటే ఇల్లు కట్టక ముందే ఇంటికి రెండింతల బరువు ఆ నేల మీద పెట్టేశారన్న మాట. సెంటున్నర స్థలంలో, అంటే 72 గజాల పైచిలుకు జాగాలో, అయిదడుగుల మెరక అంటే 160 టన్నులకు పైబడిన మట్టి. ట్రాక్టరు ట్రక్కుకు మూడు టన్నుల చొప్పున చూసినా 50కి పైగా ట్రక్కులు.

మరో సంగతి కూడా వుంది. విడిగా కట్టిన ఒక చిన్న ఇంటి బరువు లోతుకు పోయిన కొద్దీ నాలుగు పక్కలకూ చెదిరి తగ్గిపోతుంది. పది, ఇరవై ఎకరాల లేఅవుటు అంతటా పరచిన మెరక బరువు అలా చెదరదు. అది కింది పొరల దాకా ఏమాత్రం తగ్గకుండా దిగుతుంది. తాత కట్టిన ఇల్లు యాభై ఏళ్ళుగా కదలలేదు కాబట్టి పక్క పొలంలో కట్టినదీ కదలదనుకోవడం పొరపాటు. తాతగారి ఇల్లు పాత వూరి దిబ్బ మీద వుంది. కొత్త ఇల్లు పల్లంలో, నిన్న మొన్న తోలిన మట్టి మీద వుంది. మెత్తని బంకమన్ను 15 అడుగుల మందాన వున్న చోట అయిదడుగుల మెరక కింద నేల అరడుగు దాకా దిగడం వింత కాదు.

రోలరు తొక్కించాం కదా అనే సమాధానం తరచు వినబడుతుంది. రోలరు తొక్కించడం మంచిదే, తప్పనిసరి కూడా. కాని అది గట్టిపరచేది పైన తోలిన మట్టిని మాత్రమే. పది అడుగుల కింద వున్న బంకమన్ను నుంచి రోలరు ఒక చుక్క నీటిని కూడా బయటికి తీయలేదు. అది బరువూ, కాలమూ కలిసి చేయవలసిన పని.

నేల అంతా సమానంగా దిగితే ఇంటికి పెద్ద హాని జరగదు. ఇల్లు మొత్తం ఒక్కలాగే దిగుతుంది. ప్రమాదమంతా ఎగుడుదిగుడుగా కుంగడంలో వుంది. చేపల చెరువు పూడ్చిన చోట పాత గట్టు మీద ఇంటి సగం, చెరువు గర్భం మీద మిగతా సగం పడితే గట్టు వైపు గోడ ఆగిపోతుంది, చెరువు వైపు గోడ దిగుతుంది. పాత పంట బోదె పూడ్చిన చోటా ఇంతే. లేఅవుటు నక్షాలో ప్లాట్ల గీతలు వుంటాయే గాని పాత గట్లు, బోదెలు, గుంటలు వుండవు. అవి ఎక్కడ వున్నాయో ఆ పొలం దున్నిన రైతుకు తెలుసు. అతన్ని అడిగేవారు లేరు.

డెల్టా జనం ఇంకో తేడా కూడా గుర్తించాలి. నల్లరేగడి జబ్బు వేరు, ఈ జబ్బు వేరు. రేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోతుంది. అక్కడ గోడ బీటలు వేసవిలోనూ వానాకాలంలోనూ పెరుగుతూ తరుగుతూ వుంటాయి. మెత్తని బంకమన్ను కుంగిన చోట బీట పెరగడమే గాని తరగడం వుండదు. మొదటి ఏళ్ళలో వేగంగా, తరువాత నెమ్మదిగా పెరుగుతుంది. బీట మీద అడ్డంగా చిన్న గాజు పలక సిమెంటుతో అంటించి తేదీ రాసి పెడితే చాలు. గాజు పగిలితే కదలిక ఇంకా ఆగలేదని అర్థం. అది ఆగక ముందే బీటలు పూడ్చి సున్నం వేయించడం డబ్బు దండగ.

పెద్ద కట్టడాలకూ తప్పలేదు

ఇది పల్లెటూరి ఇళ్ళకే వచ్చిన కష్టం కాదు. ఇటలీలోని పీసా గోపురాన్ని 1173లో మొదలుపెట్టారు. మూడు అంతస్తులు లేవగానే మెత్తని నేల ఒక పక్కకు దిగింది. యుద్ధాల వల్ల దాదాపు వందేళ్ళు పని ఆగింది. ఆ విరామమే గోపురాన్ని కాపాడిందని ఇంజనీర్లు అంటారు. అంతకాలం నీరు వోడి కింది మన్ను బలం పుంజుకున్నది. ఆగకుండా కట్టి వుంటే అప్పుడే కూలి వుండేది. 1990లో దానిని మూసివేసి, ఎత్తుగా వున్న వైపు కింది మట్టిని కొద్ది కొద్దిగా తీసి, వాలు కొంత తగ్గించి, 2001 చివర మళ్ళీ తెరిచారు.

జపానులోని ఒసాకా అఖాతంలో సముద్రాన్ని పూడ్చి కట్టిన కన్సాయ్ విమానాశ్రయం 1994లో ప్రారంభమయింది. అక్కడ పైనున్న మెత్తని బంకమన్నులోకి లక్షల సంఖ్యలో ఇసుక స్తంభాలు దించి నీటికి దారి చేశారు. ఆ పొర త్వరగానే కుదురుకుంది. అంతకు దిగువన వున్న లోతైన మన్ను మాత్రం ఇంకా దిగుతూనే వుంది. మొదటి దీవి ఇప్పటికి 13 మీటర్లకు పైగా కుంగింది. ఈ సంగతి ముందే ఎరిగిన ఇంజనీర్లు భవనం స్తంభాల కింద జాకీలు పెట్టి, ఒక్కో స్తంభాన్ని అవసరమైనంత ఎత్తుకునే ఏర్పాటు చేశారు. మెక్సికో నగరంలో భూగర్భ జలాన్ని తోడి తోడి, పాత సరస్సు గర్భంలోని బంకమన్ను నీరు కోల్పోయి, నగరంలోని కొన్ని భాగాలు 20వ శతాబ్దంలో 9 మీటర్ల దాకా దిగిపోయాయి. బరువు పెట్టినా, నీరు తోడినా ఫలితం ఒకటే అనడానికి అది నిదర్శనం.

జిల్లాలో రోడ్ల మీద వెళ్ళే ప్రతివారూ ఈ కుంగుబాటును నడుముతో అనుభవిస్తూనే వున్నారు. వంతెన లోతైన పైల్స్ మీద నిలబడి కదలదు. దానిని కలిపే రోడ్డు కట్ట మాత్రం దిగుతుంది. వంతెన ఎక్కేచోట గొయ్యి పడుతుంది. ఆ గొయ్యిలో మళ్ళీ కంకర, తారు పోస్తారు. ఆ పోసినదీ బరువే కాబట్టి కట్ట ఇంకొంత దిగుతుంది. డ్రెయిన్ల గట్ల సంగతి అంతకంటే ముఖ్యం. వేసవిలో ఎత్తు చేసిన గట్టు వానాకాలం నాటికే కొంత దిగితే, వరద నీటికి కాగితం మీద వున్న ఎత్తు అడ్డం రాదు. తొందరపడి ఒకే విడతలో ఎత్తుగా పోస్తే మెత్తని నేల బరువు మోయలేక గట్టు పక్కకు జారుతుంది కూడా. విడతలుగా పోస్తే కింది మన్ను ప్రతి విడతకూ కొంత బలం తెచ్చుకుంటుంది.

ఏం చేయాలి?

పేదవాడు ఇంకెన్నాళ్ళు ఆగాలి అనే ప్రశ్న న్యాయమైనదే. అద్దె ఇంట్లో ప్రతి నెలా డబ్బు పోతూ వుంటే, పట్టా వుండి కూడా కట్టుకోవద్దనడం సులభం కాదు. అందుకే ఆగవలసింది లబ్ధిదారుడు కాదు, పథకమే ముందు కదలాలి. భూమి సేకరించగానే, పట్టాల తేదీకి ముందుగానే మెరక పూర్తి చేయాలి. జాబితాలు, అర్జీలు, విచారణల పేరిట ఎలాగూ గడిచే నెలలు మన్ను కుదురుకోవడానికి ఉపయోగపడతాయి. అవసరమైన ఎత్తు కంటే రెండు మూడు అడుగులు అదనంగా మట్టి పోసి కొంత కాలం వుంచి, తరువాత ఆ అదనపు మట్టిని తీసి పక్క బ్లాకుకు వాడే పద్ధతి వుంది. రేపు ఇల్లు వేయబోయే బరువును ఈరోజే మట్టితో వేయించడమన్న మాట. బంకమన్ను బాగా మందంగా వున్న చోట లోతుకు ఇసుక స్తంభాలో, ఇప్పుడు వాడుకలో వున్న ప్లాస్టిక్ పట్టీలో దించితే నీటికి దారి దగ్గరై ఏళ్ళ పని నెలల్లోకి వస్తుంది. ఇంటింటికీ అది ఖర్చే. పాఠశాల, వాటర్ ట్యాంకు, వంతెన దగ్గరి కట్ట వంటి వాటికి మాత్రం అది దండగ ఖర్చు కాదు.

మట్టి పరీక్ష లేకుండా ఏ లేఅవుటుకూ అనుమతి ఇవ్వకూడదు. పునాది కుంగుబాటును ఎలా లెక్కించాలో, ఎంతవరకు అనుమతించవచ్చో చెప్పే భారత ప్రమాణాలు 1976, 1986 సంవత్సరాల్లోనే వచ్చి వున్నాయి. కొత్తగా కనిపెట్టవలసిన పని లేదు, అమలు చేస్తే చాలు. పరీక్షలో తేలినది, మెరక ఎప్పుడు ఎంత ఎత్తు పోసినది, పాత గట్లు, బోదెలు ఎక్కడ వున్నవి తెలుగులో రాసి పంచాయతీ కార్యాలయం గోడకు అంటించాలి. లేఅవుటులో నాలుగైదు చోట్ల గుర్తులు పాతి నెలకొకసారి ఎత్తు కొలిచి అదే కాగితం మీద వేయాలి. కొలతల్లో మార్పు తగ్గి నిలకడకు వచ్చిన తరువాతనే పునాదులకు అనుమతి ఇవ్వాలి. ఫలానా తేదీలోగా పునాది తీయకపోతే బిల్లు రాదనే నిబంధన మెరక లేఅవుట్లకు వర్తింపజేయడం అన్యాయం. మెట్ట నేలకూ, పల్లపు నేలకూ ఒకే పునాది నమూనా, ఒకే అంచనా పెట్టడం కూడా అంతే. పల్లంలో పునాదికయ్యే అదనపు ఖర్చు అంచనాలో చేర్చాలి.

ఇల్లు కట్టుకునేవారు తమ చేతిలో వున్న జాగ్రత్తలు తీసుకోవాలి. వీలయితే మెరక మీద కనీసం ఒక వానాకాలం గడవనివ్వాలి. స్థలం కింద గట్టు గాని, బోదె గాని వున్నదేమో పాత రైతును అడగాలి. పునాది మీద చుట్టూ కలిసిన ఇనుప కాంక్రీటు ప్లింతు బీము, కిటికీల పైన లింటెలు బీము తప్పక వేయించాలి. ఖర్చు తగ్గించుకోదలిస్తే అరుగులు, గోడల నగిషీలు తగ్గించుకోవాలి గాని ఆ బీములు కాదు. పాత ఇంటికి ఆనించి కొత్త గది కట్టేటప్పుడు రెండు గోడలనూ ముడివేయకుండా సందు వదలాలి. పాతది కుదురుకున్న ఇల్లు, కొత్తది కుంగబోయే ఇల్లు. ఒక అంతస్తుకు వేసిన పునాది మీద పిల్లల పెళ్ళిళ్ళ నాటికి రెండో అంతస్తు లేపడం ప్రమాదం. ఇంటి ఎత్తు నిలకడగా వుందో లేదో తెలుసుకోవడానికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు. మేస్త్రి వాడే నీళ్ళ గొట్టంతో, దగ్గరలోని పాత కాలువ లాకు గోడ వంటి కదలని కట్టడంతో పోల్చి ఆరు నెలలకొకసారి కొలుచుకోవచ్చు.

పంచాయతీలు, గృహనిర్మాణ శాఖ, నీటిపారుదల శాఖ ఈ బాధ్యత ఒకరి మీదికి ఒకరు తోసుకోకూడదు. మెరక పోసిన శాఖ ఒకటి, ఇల్లు కట్టించే శాఖ ఒకటి అయితే, బీట పడిన గోడ ఎవరి లెక్కలోకీ రాదు. లేఅవుటుకు ఒక ఇంజనీరును బాధ్యుడిగా నియమించి, మట్టి తోలిన రోజు నుంచి ఇళ్ళు పూర్తయిన మూడేళ్ళ వరకు అతని చేతనే లెక్క చెప్పించాలి. బంకమన్ను ఎవరి సిఫారసునూ, ఏ ప్రారంభోత్సవ తేదీనీ లక్ష్యపెట్టదు. దాని కాలం అది తీసుకుంటుంది. ఆ కాలాన్ని ఇళ్ళు కట్టక ముందు ఇస్తారా, కట్టిన తరువాత బీటల రూపంలో పేదల చేత కట్టిస్తారా అన్నది మాత్రం అధికారుల చేతిలో వుంది.